1902 నాటి అమెరికా నవల, లోపల పర్లాకిమిడి ముద్ర: అమ్మాలా, ఉంచాలా?

పర్లాకిమిడి_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. పాత పుస్తకాల సంగతి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను, కాస్త పొడుగు ప్రశ్నే, విసుక్కోకండి.

ఇది మా అమ్మ పుట్టింటి వ్యవహారం. మా ముత్తాత సంస్థానం కచేరీలో గుమాస్తా. ఆయన వాడిన బీరువా ఇప్పటికీ వెనక గదిలో ఉంది. గోడకి చెమ్మ దిగి చెదలు కనిపించేసరికి దాన్ని ఖాళీ చేశాం, అడుగు అరలో పంచాంగాలు, దస్తావేజుల నకళ్లు, వాటన్నిటి కింద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి బయటపడింది. పేరు ‘ద కాంకరర్’, రాసినావిడ గెర్ట్రూడ్ ఆథర్టన్. పేరు కింద ఇది అలెగ్జాండర్ హామిల్టన్ గారి నిజమైన, రొమాంటిక్ కథ అని అర్థం వచ్చేలా ఒక లైను ఉంది.

అసలు అట్టలు లేవు. ఎవరో మళ్లీ బైండింగు చేయించారు, వెన్నుకి తోలు, మిగతాదంతా నల్ల క్యాలికో గుడ్డ. తోలు ముట్టుకుంటే వేళ్లకి ఎర్రపొడి అంటుతోంది. వెన్ను మీద చిన్న కాగితం ముక్క అతికించి సిరాతో తెలుగులో ‘హామిల్టన్’ అని రాశారు. లోపల పేరున్న పేజీలో న్యూయార్క్, ద మాక్మిలన్ కంపెనీ అని, దాని కింద లండన్ అని, ఇంకా కింద 1902 అని ఉంది. ఆ పేజీ వెనక కాపీరైట్ 1902, ‘సెట్ అప్ అండ్ ఎలెక్ట్రోటైప్డ్’ మార్చి 1902, ఆ తర్వాత ‘రీప్రింటెడ్’ అని వరసగా నెలల పేర్లు. అక్కడే ఊదారంగులో గుండ్రటి ముద్ర, పై సగం అలుక్కుపోయింది, కింది సగంలో పర్లాకిమిడి, గంజాం డిస్ట్రిక్ట్, మద్రాస్ ప్రెసిడెన్సీ అని ఇంగ్లీషులో బాగానే చదవొచ్చు.

వీటన్నిటికంటే నాకు నచ్చినవి మార్జిన్లలో పెన్సిల్ రాతలు. గొలుసుకట్టు తెలుగు, సగం నాకు అంతుపట్టలేదు. ఒకచోట ‘అప్పుతో రాజ్యం నిలబెట్టెను’ అని ఉంది. ఇంకోచోట పేరాకి పక్కన నిలువుగీత గీసి ‘ఇది నిజమా, కట్టుకథా’ అని.

ఇప్పుడు గొడవంతా మా మావయ్యతో. ‘అమెరికా ప్రెసిడెంటు పుస్తకం, నూట ఇరవై ఏళ్లది, లక్షల్లో పోతుంది’ అని ఫోటోలు తీసి ఏదో అమ్మకాల సైట్లో పెట్టేశాడు. మర్నాడే ఎవడో ఫోన్ చేసి రెండు లక్షలిస్తాను, ముందు వెరిఫికేషన్ కింద మూడు వేలు పంపండి అన్నాడట, మావయ్య పంపబోతుంటే అమ్మమ్మ ఫోన్ లాక్కుంది. అది పోయాక ఇప్పుడు ఆ పెన్సిల్ రాతలు గిడుగు రామమూర్తి గారివే అయ్యుంటాయని కొత్త పాట ఎత్తుకున్నాడు, ఆయన మా ఊళ్లోనే కదా పాఠాలు చెప్పింది అంటాడు. ఇంట్లో రోజూ ఇదే టాపిక్, నాకు టెన్షన్.

దీని విలువ నిజంగా ఎంత ఉంటుంది? లండన్ అని కూడా ఉంది కాబట్టి ఇది లండన్ ప్రతా, అమెరికా ప్రతా? మా వీధిలో బైండింగాయన అంచులు కోసి కొత్త అట్టలు వేసేస్తానంటున్నాడు, వేయించమంటారా? అసలు ఈ హామిల్టన్ ఎవరు, ఈ కథలో నిజం పాలెంత? తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం_ఫుట్‌పాత్:

తమ్ముడూ, ముందు ఆ నంబరు బ్లాక్ చేయించు. కొనేవాడు డబ్బిస్తాడు గానీ అడగడు. పాత నాణేలు, పాత నోట్లు, ఇప్పుడు పాత పుస్తకాలు, అన్నిటికీ ఇదే పాట.

నేను బరంపురంలో, అప్పుడప్పుడూ విశాఖలో పాత పుస్తకాలు కొని అమ్ముతుంటాను కాబట్టి ధర సంగతి మొహమాటం లేకుండా చెప్తాను. నీది అమెరికా ప్రతే. ఆ రోజుల్లో న్యూయార్క్ మాక్మిలన్ వాళ్లు పేరు పేజీలో లండన్ కంపెనీ పేరు కూడా కింద వేసేవాళ్లు. న్యూయార్క్ పైన ఉండి కాపీరైట్ పేజీలో ఆ ఎలెక్ట్రోటైప్ లైను ఉంటే అది అక్కడి పనే. ఇంగ్లండు ప్రచురణకర్తలు మన దేశానికి పంపే పుస్తకాలకి వేరే కలోనియల్ ఎడిషన్లు వేసేవాళ్లు, ఇండియాలోనూ వలసల్లోనూ మాత్రమే అమ్మాలని వాటి మీద అచ్చేసేవాళ్లు. నీ దాంట్లో ఆ మాట లేదు.

ఎలెక్ట్రోటైప్ అంటే పేర్చిన అక్షరాల నుంచి అచ్చు తీసి, కరెంటుతో దాని మీద రాగి పొర ఎక్కించి, వెనక సీసం పోసి పలక చేసేవాళ్లు. ఒకసారి పలకలు తయారయ్యాయంటే ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ముద్రించుకోవచ్చు, మళ్లీ అక్షరాలు పేర్చే పని లేదు. అందుకే ఆ పేజీలో రీప్రింట్ నెలలు అలా వరసగా పడతాయి. ఆ వరస లేకుండా మార్చి ఒక్కటే ఉంటే అది మొదటి ముద్రణ. నీ దాంట్లో వరస ఉంది, కాబట్టి కాదు. జనం ఎగబడి చదివిన పుస్తకం కాబట్టే అదే ఏడాది మళ్లీ మళ్లీ వేశారు, అందుకే అమెరికాలో పాత పుస్తకాల కొట్లలో ఇప్పటికీ దొరుకుతుంది. ఇంకో సంగతి, తర్వాత రోజుల్లో చౌక ప్రతులు వేసే కంపెనీలు ఇలాంటి పాత పలకలు తీసుకుని పాత కాపీరైట్ ఏడు అలాగే ఉంచి ముద్రించేవి, వాటిని కూడా మొదటి ముద్రణ అని అంటగట్టేవాళ్లున్నారు. ఏడు చూసి కాదు, ప్రచురణకర్త పేరూ ఆ పేజీ మొత్తం చూసి కొనాలి.

ఇక నీ ప్రతి. అసలు అట్టలు పోయాయి, రీప్రింటు, పైగా బైండింగు చేసినాయన అప్పుడే అంచులు కోసేసుంటాడు. ఇలాంటిది అక్కడ పది ఇరవై డాలర్లు దాటడం కష్టం, ఇక్కడి నుంచి పంపే పోస్టు ఖర్చే అంతకంటే ఎక్కువ. పైగా 1972 పురావస్తు చట్టం ఒకటుంది, చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువు వందేళ్లు దాటితే, చేతిరాత ప్రతి అయితే 75 ఏళ్లు దాటితే, దేశం దాటించడానికి లేదు. మామూలు అచ్చు నవల దాని కిందకి రాదని వాదించుకోవచ్చు గానీ కస్టమ్స్‌లో పార్సిల్ ఆగితే తిరగాల్సింది నువ్వే.

హామిల్టన్ మీద 2015లో న్యూయార్క్‌లో పాటల నాటకం ఒకటి వచ్చి పెద్ద హిట్టయింది, మీ మావయ్య లక్షల లెక్క అక్కడి నుంచే వచ్చుంటుంది. దాని తర్వాత రేటు పెరిగింది హామిల్టన్ స్వయంగా రాసిన ఉత్తరాలకి, 1788లో రెండు సంపుటాలుగా వచ్చిన, ఆయన వ్యాసాలున్న ‘ఫెడరలిస్ట్’ పుస్తకానికి. నవలకి కాదు.

గిడుగు వారి పేరు మాత్రం ఊరికే ఎత్తొద్దని చెప్పు. ఆయన రాతతో పోల్చి చూసి, తెలిసినవాళ్లు ఔనంటే అప్పుడు మాట. అంతవరకూ ఎవరో చదువరి రాసుకున్న నోట్సు, అంతే. అలా చెప్పి అమ్మినా తర్వాత తన్నులాటలు.

పర్లాకిమిడి_కుర్రాడు:

థాంక్స్ అన్నా. నంబరు బ్లాక్ చేయించా, సైట్లోంచి ప్రకటన కూడా తీయించా. మావయ్య అలిగి అన్నం తినలేదు, అది వేరే కథ.

ఇంకో విషయం. పేజీలు మెల్లగా తిప్పుతుంటే మధ్యలో రెండు వస్తువులు దొరికాయి. ఒకటి తెలుగు పేపరు కటింగు, బాగా గోధుమరంగుకి తిరిగింది, అది ఉన్నచోట రెండువైపులా పేజీల మీద దాని ఆకారమే మరకలా దిగింది. రెండోది చిన్న అట్టముక్క రైలు టికెట్, మూల కత్తిరించి ఉంది. నౌపడా నుంచి గుణుపూర్ అని చదవగలిగాను, తేదీ అచ్చు కనపడట్లేదు.

జేకేపూర్_రిటైర్డ్:

బాబూ, ఆ కటింగు ఇప్పుడే బయటకి తీసి వేరే కవరులో పెట్టు. రాయగడ దగ్గర జేకేపూర్ పేపరు మిల్లులో పనిచేసి రిటైరయ్యాను, కాగితం గురించి నాలుగు ముక్కలు చెప్పగలను.

మీ పుస్తకం పుట్టిన కాలం కాగితానికి చెడ్డకాలం. అంతకుముందు గుడ్డపీలికలతో కాగితం చేసేవాళ్లు, 19వ శతాబ్దం రెండో సగంలో గిరాకీ పెరిగి చెక్కగుజ్జుకి మళ్లారు. సిరా పీల్చకుండా గుజ్జులో రోజిన్, దాన్ని పట్టి ఉంచడానికి పటిక కలిపేవాళ్లు. ఈ పటికే గాలిలో తేమతో కలిసి లోపల్లోపల ఆమ్లం పుట్టిస్తుంది, ఆమ్లం కాగితం నారని చిన్న చిన్న ముక్కలుగా తెంచేస్తుంది. అంచులు గోధుమరంగుకి తిరగడం, మూల మడిస్తే అప్పడంలా విరగడం అందుకే. న్యూస్‌పేపరు కాగితం ఇంకా అధ్వాన్నం, చెక్కని ఊరికే నూరి చేసిన గుజ్జు ఎక్కువ, ఆమ్లం పక్క పేజీలకీ ఎక్కిస్తుంది. మీరు చెప్పిన మరక అదే. పోయిన రంగు తిరిగి రాదు గానీ కటింగు తీసేస్తే ఇంకా దిగకుండా ఆగుతుంది.

వెన్ను మీద తోలు ఎర్రపొడి రాలడం కూడా జబ్బే. ఆకు, బెరడు కషాయంతో పదును చేసిన పాత తోలుకి వస్తుంది. దానికి నూనె, వ్యాస్లీను, షూ పాలిష్ ఏవీ రాయొద్దు. తెల్ల కాగితంతో చొక్కా తొడిగినట్టు చుట్టి ఉంచు, పొడి చేతికీ, చేతి నుంచి పేజీకీ అంటకుండా ఉంటే చాలు.

పురుగు ఉందా లేదా చూసుకో. పేజీలలోంచి సన్నటి పొడి రాలుతుంటే, కొత్తగా చిల్లులు కనిపిస్తుంటే లోపల బతికే ఉన్నట్టు. అప్పుడు పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా కట్టేసి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచాలి, మామూలు ఫ్రిజ్ పైఅర సరిపోదు, మైనస్ 18 దాకా దిగేది కావాలి. బయటకి తీశాక వెంటనే కవరు విప్పితే చల్లటి కాగితం మీద నీళ్లు పట్టేస్తాయి, ఒక రోజంతా అలా వదిలేసి గది వేడికి వచ్చాక విప్పాలి. ఎండలో ఆరబెట్టడం మన ఇళ్లలో అలవాటు, వద్దు. ఎండకి ఉన్న కాస్త బలమూ పోతుంది. తాటాకు గ్రంథాలకి నిమ్మగడ్డి నూనె రాసేవాళ్లు కదా అని దీనికీ రాస్తారేమో, అది తాటాకుకి, కాగితానికి కాదు.

బైండింగాయన దగ్గరికి మాత్రం పంపొద్దు. మంచివాడే అయ్యుంటాడు, చేసే పని స్కూలు రిజిస్టర్లకి సరిపోతుంది. ఆయన మిషను కింద పెట్టి అంచు కోశాడంటే మార్జిన్లో పెన్సిల్ రాతలు చివరి అక్షరాలతో సహా చెత్తబుట్టలోకి పోతాయి. మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు పురుగు పట్టకుండా, పురుగు పట్టదు నిజమే, ఆ తుత్తంలోని రాగి కాలం గడిచేకొద్దీ కాగితాన్నే తింటుంది. ఫెవికాల్ పెడితే మళ్లీ ఊడదీయడం ఎవరివల్లా కాదు. సెల్లోటేపు సంగతి చెప్పక్కర్లేదు. విడిపోయిన పేజీలుంటే అలాగే వరసలో పెట్టి నూలు నాడాతో కట్టి ఉంచు, తొందరేం లేదు.

బీరువా గోడకి ఆనించకుండా నాలుగు అంగుళాలు జరపండి. వానాకాలం మీ ఊరి తేమ నాకు తెలుసు. నాఫ్తలీన్ గోళీలు వేసినా పుస్తకానికి తగలకుండా వెయ్యండి.

గుణుపూర్_గోవిందు:

టికెట్ చూడగానే ఆగలేకపోయాను. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో వచ్చింది, రాజావారు వేయించిన లైను. గుణుపూర్ దాకా పొడిగించింది 1931లో. అంటే ఆ టికెట్ 1931 కంటే ముందుది కావడానికి వీల్లేదు. ముద్ర చూస్తే మద్రాస్ ప్రెసిడెన్సీ అని ఉంది, 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయ్యాక ఆ మాట వాడరు కదా. కాబట్టి 1931, 1936 మధ్యలో ఎవరో చదివారన్నమాట!

రాయగడ_చరిత్ర_టీచర్:

గోవిందు గారూ, ఉత్సాహం బాగుంది గానీ టికెట్ చెప్పేది టికెట్ వయసు ఒక్కటే. పుస్తకంలో గుర్తుగా దాన్ని 1950లో పెట్టినా పెట్టొచ్చు. ముద్ర విషయంలో మీ మాట చాలావరకు నిజం, పాత రబ్బరు ముద్ర అరగిపోయేదాకా వాడే ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి చాలావరకు అంటున్నాను. పుస్తకం 1936కి ముందే పర్లాకిమిడి చేరిందని అనుకోవచ్చు. ఎలా చేరిందో చెప్పలేం. ఆ వైపు కెనడా బాప్టిస్టు మిషనరీలు ఉండేవారు, వాళ్ల సామాన్లలో రావొచ్చు, మద్రాసు నుంచి తెప్పించుకున్నదీ కావొచ్చు.

బరంపురం అన్నయ్యగారితో మాత్రం ఒక దగ్గర పేచీ. ధర లేదు కాబట్టి విషయం లేదన్నట్టుగా ఉంది ఆయన మాట. ఆ నవల నేను చదివాను, పుస్తకం కాదు, గుటెన్‌బర్గ్ సైట్లో ఉచితంగా ఉన్నది. చదవాల్సిన పుస్తకమే, కాకపోతే ఏది నమ్మాలో తెలిసి చదవాలి.

కుర్రాడు బాబూ, మీ మావయ్యకి చెప్పండి, హామిల్టన్ ఎప్పుడూ ప్రెసిడెంటు కాలేదు. అమెరికాకి మొట్టమొదటి ఆర్థికమంత్రి, 1789 నుంచి 1795 దాకా. పది డాలర్ల నోటు మీద బొమ్మ ఆయనదే. పుట్టింది అమెరికాలో కూడా కాదు, కరీబియన్ సముద్రంలో నెవిస్ అనే చిన్న బ్రిటిష్ దీవిలో. తల్లి రేచెల్‌కి అంతకుముందే పెళ్లయింది, ఆ భర్త ఆమెని సెంట్ క్రోయ్ దీవి కోటలో ఖైదు చేయించాడు. విడుదలయ్యాక వెళ్లిపోయి జేమ్స్ హామిల్టన్‌తో కాపురం పెట్టింది, పెళ్లి కాలేదు. ఆ తండ్రి కూడా మధ్యలో వదిలేసి పోయాడు. 1768లో తల్లి జ్వరంతో చనిపోతే ఉన్న కాస్త ఆస్తీ మొదటి భర్త తన కొడుక్కి రాయించుకున్నాడు, పిల్లాడికి పుస్తకాలు కూడా మిగలకపోతే ఒక బంధువు వేలంలో కొని ఇచ్చాడు. తర్వాత ఎగుమతి దిగుమతుల కొట్లో గుమాస్తా పని. 1772లో వచ్చిన తుపాను మీద రాసిన ఉత్తరం అక్కడి పేపర్లో అచ్చయి, ఊరివాళ్లు చందాలేసి అమెరికాకి చదువుకి పంపారు. అక్కడి నుంచి జార్జ్ వాషింగ్టన్ పక్కన సైన్యంలో, తర్వాత రాజ్యాంగం తరఫున రాసిన 85 వ్యాసాల్లో 51 ఆయనవే.

ఈ మొదటి భాగమే ఆథర్టన్ పుస్తకంలో అసలైన బలం. ఆవిడ శాన్‌ఫ్రాన్సిస్కో మనిషి. జీవితచరిత్ర రాద్దామని మొదలుపెట్టి నవలలోకి మళ్లానని ముందుమాటలో తనే చెప్పుకుంది. ఊహించి రాసెయ్యకుండా ఓడెక్కి ఆ దీవులకి వెళ్లింది, సెంట్ క్రోయ్ అప్పటికి డెన్మార్క్ కింద ఉండేది, 1917లో గానీ అమెరికా కొనలేదు, అక్కడి రికార్డులు తిరగేసి రేచెల్ వివరాలు బయటకి తీసింది. చరిత్రకారులు కూడా తొంగిచూడని కాగితాలవి. మరుసటి ఏడాది 1903లో హామిల్టన్ ఉత్తరాలు కొన్ని ఏర్చి వేరే పుస్తకం వేసింది.

బలహీనత ఏమిటంటే ఆవిడ హీరోకి పూర్తిగా పడిపోయింది. హామిల్టన్ ఏం చేసినా ఒప్పు, ఆయన రాజకీయ ప్రత్యర్థి జెఫర్సన్ ఏం చేసినా కుట్ర. ‘అప్పుతో రాజ్యం నిలబెట్టెను’ అని మార్జిన్లో రాసినాయన కథ సారం పట్టుకున్నాడు నిజానికి. బ్రిటన్ మీద స్వాతంత్ర్య యుద్ధంలో రాష్ట్రాలు చేసిన అప్పు, హామిల్టన్ లెక్కలో సుమారు రెండున్నర కోట్ల డాలర్లు, కేంద్రమే నెత్తిన వేసుకోవాలని 1790లో పట్టుబట్టాడు. అప్పిచ్చిన డబ్బున్నవాళ్లందరికీ అప్పుడు కొత్త ప్రభుత్వం నిలబడటమే లాభం, అదీ ఎత్తు. తమ అప్పు చాలావరకు తీర్చేసుకున్న వర్జీనియా లాంటి రాష్ట్రాలు పక్కవాడి బాకీ మేమెందుకు కట్టాలని గోల చేశాయి, చివరికి రాజధాని దక్షిణంగా పొటోమాక్ ఒడ్డుకి తీసుకెళ్తామని బేరం కుదిరాక చట్టం గట్టెక్కింది. వర్జీనియా వాళ్ల వాదనలో న్యాయం ఉంది, నవల అది చెప్పదు. అంతకంటే అన్యాయం, జీతం బదులు ఇచ్చిన అప్పు పత్రాలు చేతిలో ఉంచుకోలేక పావలాకీ అర్ధకీ అమ్ముకున్న మాజీ సైనికుల సంగతి. లాభమంతా కొన్న వ్యాపారులకే పోయింది.

ఇక ‘ఇది నిజమా, కట్టుకథా’ అన్న గీత. అది ఏ పేజీయో చెప్తారా? నా అనుమానం మిసెస్ క్రోయ్ అనే అందగత్తె కనిపించే చోటు. నవలలో ఆవిడ హామిల్టన్ ప్రియురాలు, తర్వాత పగబట్టేది కూడా ఆవిడే. ఎలైజా జుమెల్ అనే నిజం మనిషిని పెట్టుకుని అల్లింది, ఆ జుమెల్ ముసలితనంలో, హామిల్టన్‌ని కాల్చి చంపిన ఆరన్ బర్‌ని 1833లో పెళ్లాడిన మాట నిజం, హామిల్టన్‌తో సంబంధానికి మాత్రం ఆధారం లేదు. ఆధారం ఉన్న వ్యవహారం మరియా రేనాల్డ్స్‌ది. 1797లో హామిల్టనే దాని మీద కరపత్రం అచ్చేసి ఒప్పుకున్నాడు, ప్రభుత్వ డబ్బు తిన్నానన్న నింద పోగొట్టుకోవడానికి ఇంటి పరువు బయట పెట్టుకున్నాడు. అది ఏ నవలా రచయితకీ తట్టని మలుపు.

పుట్టిన ఏడు కూడా తగాదాయే. ఆయన చెప్పుకున్న లెక్కన 1757, తల్లి పోయినప్పటి కోర్టు కాగితంలో పిల్లాడికి 13 ఏళ్లని ఉంది, అంటే 1755. చావు విషయంలో మాత్రం పేచీ లేదు, 1804 జులై 11న న్యూజెర్సీలోని వీహాకెన్‌లో బర్‌తో పిస్తోళ్ల పోటీ, మర్నాడు పోయాడు. బర్ అప్పుడు ఉపాధ్యక్షుడి పదవిలోనే ఉన్నాడు. అంతకు మూడేళ్ల ముందు హామిల్టన్ పెద్దకొడుకు కూడా ఇలాంటి పోటీలోనే చనిపోయాడు, అయినా తండ్రి వెళ్లాడు.

బరంపురం_ఫుట్‌పాత్:

టీచరమ్మగారూ, విషయం లేదని నేననలేదు, రెండు లక్షలు లేవన్నాను. మీరు చెప్పింది చదివాక నేనే ఆ నవల డౌన్‌లోడ్ చేశాను, అయిదొందల పేజీలట, దేవుడా.

కుర్రాడికి ఒక్క మాట. అమెరికావాడికి ఈ ప్రతి పనికిరాదు, మనవాడికి మాత్రం పనికొచ్చేది ఆ ముద్రా, ఆ రాతలే. అవి ఉన్న ప్రతి ప్రపంచంలో ఇదొక్కటే. కానీ దానికి రేటు కట్టేవాడు దొరకడు, లైబ్రరీకి ఇద్దామన్నా ముందు అడిగి చూడు, చాలాచోట్ల తీసుకుని మూల పడేస్తారు. శ్రీకాకుళం కథానిలయం లాంటిది మంచి చోటే గానీ వాళ్లది తెలుగు కథల పని. ఇంట్లోనే ఉంచు.

పర్లాకిమిడి_కుర్రాడు:

టీచర్ గారూ, మీ అనుమానం కరెక్టు. ఇప్పుడే చూశాను, ఆ గీత మిసెస్ క్రోయ్ మాట్లాడే పేజీలోనే ఉంది. అప్పు గురించి రాసిన చోట ఇంకా రెండు మూడు లైన్లున్నాయి, ‘దివాను’ అన్న మాట ఒకటి తెలుస్తోంది, మిగతాది తెలియట్లేదు.

మావయ్యకి ఇదంతా చదివి వినిపించా. పది డాలర్ల నోటు మీద బొమ్మ ఉందన్న మాట దగ్గర కాస్త మెత్తబడ్డాడు. ‘అయితే తెలుగులో రాయించి అమ్ముదాం’ అంటున్నాడు. కాపీరైట్ గొడవ ఉంటుందా?

గుణుపూర్_గోవిందు:

ఉండదు. ఆథర్టన్ 1948లో పోయింది. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు, కాబట్టి 2009 నుంచి ఇక్కడ ఎవరైనా అనువాదం చేసుకోవచ్చు, అమెరికాలో ఎలాగూ ఎప్పుడో ముగిసింది. మీ మావయ్య అయిదొందల పేజీలు చేస్తాడా అన్నది వేరే విషయం.

గొలుసుకట్టు సంగతి నాకొదిలెయ్యండి. మా పెదనాన్న పాత భూమి కాగితాలు చదివే పని చేశారు, ఎంత ముద్ద రాతైనా విడదీస్తారు. పుస్తకాన్ని ఎక్కడికీ మోసుకురావొద్దు, ఫోటోలు చాలు. ఫ్లాష్ వద్దు, పెన్సిల్ రాత మెరిసిపోయి అసలే కనపడదు. గదిలో దీపాలు ఆర్పేసి, ఫోన్ టార్చి ఒకటి పేజీకి పక్కనుంచి, దాదాపు బల్లకి ఆనించి పెట్టి తీయండి, చెరిగిపోయిన చోట కూడా పెన్సిల్ నొక్కుడు నీడలో తేలుతుంది. పుస్తకాన్ని బల్లపరుపుగా తెరవకుండా రెండువైపులా దిండ్లు పెట్టండి. ‘దివాను’ ఉన్న పేజీ ముందు పంపండి.